మణికట్టు తిమ్మిరి: చిన్న కోతతో చికిత్స

ఢిల్లీ నగరమునందలి కరోల్ బాగ్ వర్తకమునకే గాక వైద్యమునకును పేరొందిన పేట. హకీం అజ్మల్ ఖాన్ నెలకొల్పిన తిబ్బియా కళాశాలను 1921 లో గాంధీ మహాత్ముడు ప్రారంభించినది ఇచ్చటనే. దీనికి చేరువనున్న రాజేంద్ర నగరములో సర్ గంగారాం ఆసుపత్రి 1954 నుండి పనిచేయుచున్నది. ఈ పేటయందలి బీడన్‌పురా, రేగర్‌పురా సందులలో స్వర్ణకారుల పనిశాలలు అనేకము కలవు. గఫార్ మార్కెట్టులో మొబైల్ ఫోనులను బాగుచేయువారు బారులుగా కూర్చుండి పనిచేయుచుందురు. శ్రావణము పట్టినవారికైనను, సన్నని మరలు విప్పువారికైనను కూడుపెట్టునది వ్రేళ్ళ నేర్పు. ఆ నేర్పు నిలుచుటకు మణికట్టు ఆరోగ్యముగా నుండవలెను.

ఇట్టి పనివాడొకడు అర్ధరాత్రమున మేల్కొని చేయి విదలించుకొనుచున్నాడని భావింపుడు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపు వ్రేలిలో సగము తిమ్మిరెక్కి సూదులతో గ్రుచ్చినట్లుండును. చిటికెన వ్రేలికి మాత్రము బాధ యుండదు. చేయి విదలించిన కొంతసేపటికి తగ్గును. చలివలన వచ్చినదని కొందరు, నీరసమని కొందరు సరిపెట్టుకొందురు. కొన్ని మాసములు గడచునప్పటికి పట్టుకొన్న వస్తువు చేజారును. చొక్కా గుండీ పెట్టుకొనుట సైతము కష్టమగును. ఈ వ్యాధికి కార్పల్ టన్నెల్ వ్యాధి యని పేరు.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు కలవు. ఇవి అడుగున తొట్టివలె అమరియుండగా, పైన గట్టి నారపట్టీ యొకటి మూతవలె కప్పియుండును. ఈ ఇరుకు దారిలో వ్రేళ్ళను ముడుచు తొమ్మిది స్నాయువులును, వానితో గూడ మధ్యమ నాడియను నరమును అరచేతిలోనికి పోవుచున్నవి. స్నాయువులపై పొర వాచినచో దారి మరింత ఇరుకై నరము నొక్కబడును. తిమ్మిరికి కారణ మిదియే. బలముగా పట్టి మణికట్టును మాటిమాటికి వంచి చేయు పనులు, అదరు పనిముట్లు దీనికి తోడ్పడును. అయినను ఇది పనివారికి మాత్రమే వచ్చునది కాదు. పురుషులకంటె స్త్రీలలో హెచ్చు. గర్భిణులకును, మధుమేహము, థైరాయిడ్ లోపము, కీళ్ళవాతము గలవారికిని తరచుగ వచ్చును.

రోగి రెండు అరచేతుల వెనుకభాగములను ఒకదాని కొకటి ఆనించి, మణికట్లు వంచి ఒక నిమిషముంచినచో తిమ్మిరి పైకి తేలును. 1950 దశాబ్దములో ఈ వ్యాధిని గూర్చి విరివిగా వ్రాసిన అమెరికా వైద్యుడు జార్జి ఫేలన్ పేర ఈ పరీక్ష ప్రసిద్ధమైనది. నరములో విద్యుత్ప్రసార వేగమును కొలిచి వ్యాధి తీవ్రతను నిర్ణయింతురు.

తిమ్మిరి కలిగిన ప్రతివారికి శస్త్రచికిత్స అవసరము లేదు. వ్యాధి స్వల్పముగా నున్నప్పుడు రాత్రివేళ మణికట్టు వంగకుండ పట్టీ కట్టుకొనుట, పనిలో నడుమనడుమ విరామ మిచ్చుట మేలు. వైద్యుడు ఒక సూదిమందుతో వాపును తగ్గింపవచ్చును. ప్రసవానంతరము పలువురు స్త్రీలకు బాధ దానంతట అదియే తగ్గును. వీనివలన గుణము కనబడనప్పుడు, లేదా నరము క్షీణించుచున్నప్పుడు, నారపట్టీని కోసి నరమునకు చోటు కల్పింపవలెను.

పూర్వము ఇందులకై అరచేతిలో కొన్ని సెంటీమీటర్ల పొడవున కోయుచుండిరి. సూక్ష్మ పద్ధతికి బీజము జపానులో పడినది. 1918 లో టోక్యో నగరమున కెంజీ టకాగీ, మూత్రాశయమును చూచుటకైన గొట్టమును మృతదేహపు మోకాలిలోనికి పంపి లోపలి భాగమును చూచెను. 1980 దశాబ్దములో ఇచిరో ఒకుట్సు ఇట్టి దర్శినితోనే మణికట్టు నారపట్టీని కోయు పద్ధతిని రూపొందించెను. నేడు మణికట్టువద్ద సుమారొక సెంటీమీటరు కోత పెట్టి, సన్నని దర్శినిని లోనికి పంపి, తెరపై చూచుచు పట్టీని లోపలినుండి విడదీయుదురు. సాధారణముగా రోగి ఆనాడే యింటికి పోవచ్చును. వ్రేళ్ళను వెంటనే కదలింపవచ్చును.

కీలులోపలి వ్యాధులకును ఇట్టి పరికరము ఉపయోగపడుచున్నది. వ్రేళ్ళను పైకి లాగి పట్టి, కీలులోనికి ఉప్పునీరు ప్రవహింపజేసి, కొన్ని మిల్లీమీటర్ల రంధ్రములగుండ చిరిగిన మృదులాస్థిని సరిచేయుదురు, నీటిగడ్డలను తొలగింతురు, విరిగిన ఎముక సరిగ కూర్చబడినదో లేదో పరిశీలింతురు.

అయితే చిన్న కోత పెద్ద మాయ కాదు. దీనివలన అరచేతి నొప్పి కొంత తగ్గి పనివాడు త్వరగా పనిలో చేరగలడు. కాని కొన్ని మాసములు గడచిన పిమ్మట చూచినచో రెండు పద్ధతుల ఫలితము దాదాపు సమానమే. సూక్ష్మ పద్ధతిలో నరము కొంతకాలము చికాకుపడుట కొంచెము హెచ్చుగా కనబడును. లోపలి భాగము స్పష్టముగా కానరానిచో వైద్యుడు పెద్ద కోతకు మారవలసియుండును. కావున ఏ పద్ధతి యనుటకంటె ఆ పనియందు చేయి తిరిగిన శస్త్రవైద్యుడా యనుట ముఖ్యము.

అంతకంటె ముఖ్యమైనది కాలము. సకాలమున వచ్చినవారికి రాత్రి తిమ్మిరి కొద్దిదినములలోనే తగ్గుట సామాన్యము. నిర్లక్ష్యము చేసినచో బొటనవ్రేలి మొదట గల కండ చిక్కిపోవును. అట్లు చిక్కిన కండయు, పోయిన స్పర్శయు ఎంత చక్కని చికిత్స జరిగినను పూర్తిగా తిరిగిరాకపోవచ్చును. సన్నని పూసను తడిమి గుర్తింపలేని స్వర్ణకారునకు అది జీవనభృతికే దెబ్బ.

కావున వ్రేళ్ళ తిమ్మిరితో రాత్రులందు మరల మరల మెలకువ వచ్చుచున్నచో ఉపేక్షింపరాదు. వస్తువులు చేజారుచున్నను, బొటనవ్రేలి కండ పలుచబడుచున్నను వెంటనే వైద్యుని చూడవలెను. సూక్ష్మ చికిత్స ఎంత పెంపొందినను, నరము బ్రతికియుండగా వచ్చినవానికే అది పూర్తి మేలు చేయగలదు.