వాడిన విలాస ఎస్‌యూవీ: కొనే ముందు వేసుకోవలసిన లెక్క

భూసేకరణ పరిహారమో, వరుసగా రెండు మంచి పంటల ఆదాయమో చేతికి వచ్చినప్పుడు గ్రామీణ కుటుంబాలు పెద్ద కారు కొనాలని ఆలోచించడం సహజం. గతుకుల దారిలో సాగే ఎత్తైన బండి, ఇంటిల్లిపాదీ కూర్చునే చోటు, నలుగురిలో గౌరవం ఒకే వాహనంలో లభిస్తాయి. ఎనిమిది పదేళ్లు నడిచిన విదేశీ ఎస్‌యూవీ ఒక కొత్త సాధారణ కారు ధరకే దొరుకుతుందని తెలిసినప్పుడు ఆ కోరిక మరింత బలపడుతుంది. ఇటువంటి బండి ఎవరూ కొనరాదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దాని ధర ఎందుకు అంతగా పడిపోయిందో, ధరతోపాటు తగ్గని ఖర్చులు ఏవో తెలుసుకున్న తరువాతనే మీరు బయానా ఇవ్వాలి.

ధర తగ్గినా విడిభాగాల వెల తగ్గదు

బీమా కోసం వాహనం విలువ కట్టే పట్టికను పరిశీలించండి. కొత్త వాహనం ధరలో ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30 శాతం, మూడేళ్లు దాటితే 40 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం తరుగు తీసివేస్తారు. ఐదేళ్లు దాటిన వాహనానికి బీమా కంపెనీ, యజమాని కలిసి ఒక విలువకు అంగీకరిస్తారు.

విడిభాగాలకు ఈ తరుగు వర్తించదు. 70 లక్షల రూపాయలకు అమ్ముడైన వాహనం పదేళ్ల తరువాత మీకు 14 లక్షలకు దొరికిందనుకుందాం. దాని గేర్‌బాక్సు, హెడ్‌లైటు, ఎలక్ట్రానిక్ పరికరాలు 70 లక్షల బండికి తయారు చేసినవే. అవి చెడిపోతే వాటి వెల కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. ఏనుగును కొనడం కంటే మేపడం కష్టమని పెద్దలు అనేది ఇందుకే.

తరచుగా ఇబ్బంది పెట్టే భాగాలు

మొదటిది ఎయిర్ సస్పెన్షన్. అనేక విలాస ఎస్‌యూవీలలో ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచులు బండి బరువును మోస్తాయి. కాలక్రమంలో రబ్బరు పగిలి గాలి కారుతుంది. ఆ లోటు పూడ్చడానికి కంప్రెసర్ అదే పనిగా తిరిగి, చివరకు కాలిపోతుంది. బండిని ఒక రాత్రి సమతలంపై నిలిపి ఉంచి ఉదయం చూడండి. ఒక మూల కుంగి ఉంటే గాలి కారుతున్నట్లే భావించాలి.

రెండవది ఆటోమేటిక్ గేర్‌బాక్సు. దానిలోని ఆయిల్ జీవితకాలం పనిచేస్తుందని కొందరు కార్ల తయారీదారులు ప్రకటించారు. కాని పెద్ద గేర్‌బాక్సుల తయారీ సంస్థ జెడ్‌ఎఫ్ 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చాలని సూచిస్తుంది. లక్ష దాటిన బండిలో ఆయిల్ మార్చినట్లు బిల్లు లేకపోతే ఆ ఖర్చును మీ లెక్కలో చేర్చుకోండి. గేరు మారేటప్పుడు కుదుపు వస్తే సమస్య ఆయిల్‌తో తీరేది కాకపోవచ్చు.

మూడవది టైమింగ్ చైన్. కొన్ని జర్మన్ డీజిల్ ఇంజన్లలో ఇది ఇంజన్ వెనుక, గేర్‌బాక్సు వైపున ఉంటుంది. చైన్ వెల తక్కువే అయినా దానిని చేరడానికి ఇంజన్‌నో గేర్‌బాక్సునో కిందికి దించవలసి వస్తుంది. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి క్షణాలలో గలగల శబ్దం వినిపిస్తే జాగ్రత్త పడాలి.

నాలుగవది డీజిల్ పొగలోని మసిని పట్టే వడపోత పరికరం. పట్టిన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు కొంతసేపు హైవే వేగంతో నడవాలి. ఇంటికీ పొలానికీ మధ్య నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో అది పూడుకుపోతుంది. మీ వాడకం అటువంటిదైతే ఈ తరహా డీజిల్ బండి మీకు తగినది కాదు.

బండిని పరీక్షించే విధానం

మీరు వచ్చేవరకు ఇంజన్ స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి ముందే చెప్పండి. తాళం తిప్పగానే మీటర్లపై హెచ్చరిక దీపాలన్నీ వెలిగి, ఇంజన్ నడవగానే ఆరిపోవాలి. ఎయిర్‌బ్యాగ్ దీపం అసలే వెలగకపోతే లోపాన్ని దాచడానికి దానిని తొలగించారేమోనని అనుమానించాలి. డిజిటల్ మీటరులో కిలోమీటర్లు తగ్గించడం కష్టమైన పని కాదు. కనుక సర్వీసు బిల్లులపై తేదీలవారీగా ఉన్న కిలోమీటర్లతో సరిపోల్చుకోండి.

వరదలో మునిగిన బండ్ల విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. 2015లో చెన్నై, 2020లో హైదరాబాదు, 2024లో విజయవాడ వరదలలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. అటువంటి బండి శుభ్రం చేసిన తరువాత కొత్తదానిలా కనిపించవచ్చు. వైర్ల కలయికల వద్ద పట్టిన తుప్పు నెలల తరువాత బయటపడుతుంది. సీటు బెల్టును చివరివరకు లాగి బురద చార ఉందేమో చూడండి. స్టెప్నీ టైరు కింద ఒండ్రు, సీట్ల పట్టాలపై తుప్పు కూడా ఆనవాళ్లే.

చివరగా ఆ కంపెనీ బండ్లు తెలిసిన మెకానిక్‌తో స్కానర్ పరీక్ష చేయించి, రాతపూర్వకంగా ఖర్చు అంచనా తీసుకోండి. దీనికి అయ్యే ఫీజు దండుగ కాదు.

కాగితాల సంగతి

ఢిల్లీ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో విధించిన నిషేధాన్ని సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. తరువాత ఆ ఆంక్షలలో మార్పులు జరిగినా, అక్కడి పెద్ద బండ్లు చౌకగా ఇతర రాష్ట్రాలకు చేరడానికి అది ఒక కారణమైంది. అటువంటి బండికి మొదట రిజిస్టరు చేసిన కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం ఉండాలి. ఇక్కడ చెల్లించవలసిన జీవితకాల పన్ను ఎంతో బేరం కుదరకముందే రవాణా శాఖలో విచారించండి.

రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తరువాత తనిఖీలో నెగ్గితే ఐదేళ్లకొకసారి పునరుద్ధరిస్తారు. పాత యజమాని బండిని అప్పుపై కొని ఉంటే రిజిస్ట్రేషన్ పత్రంలో రుణదాత పేరు ఉంటుంది. రుణదాత ఇచ్చిన బాకీ లేదన్న పత్రం, ఫారం 35 లేనిదే పూర్తి సొమ్ము చెల్లించవద్దు. యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30 అవసరం.

బీమా, రుణం

కొన్న 14 రోజులలోగా బీమా పాలసీని మీ పేరుకు మార్చమని దరఖాస్తు చేయండి. మూడవ పక్షానికి సంబంధించిన రక్షణ చట్టరీత్యా మీకు సంక్రమిస్తుంది. మీ బండికి జరిగిన నష్టానికి పరిహారం రావాలంటే పాలసీలో మీ పేరు ఎక్కాలి.

పరిహారం లెక్క కూడా తెలిసి ఉండాలి. సాధారణ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలపై 50 శాతం, పదేళ్లు దాటిన బండి లోహ భాగాలపై కూడా 50 శాతం తరుగు కోస్తారు. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బండిని పూర్తి నష్టంగా పరిగణిస్తారు. బీమా విలువ 12 లక్షలైతే ఆ హద్దు 9 లక్షలు. విడిభాగాలు ఖరీదైనవి కనుక ఒక మోస్తరు ప్రమాదంలోనే ఆ హద్దు దాటవచ్చు. అప్పుడు వచ్చే పరిహారం ముందుగా రుణ బాకీకి జమ అవుతుంది. మిగిలినదే మీది.

నెలవారీ వాయిదా ముందే తెలిసిన ఖర్చు. గేర్‌బాక్సు మాత్రం పంట చేతికి వచ్చే వరకు ఆగి చెడిపోదు. విత్తనాలు, ఎరువుల కోసం తీసుకున్న పంట రుణాన్ని మరమ్మతుకు మళ్లిస్తే సాగు దెబ్బతింటుంది. గడువులోగా చెల్లించేవారికి లభించే వడ్డీ ప్రోత్సాహకమూ చేజారుతుంది.

కాబట్టి కొనుగోలు ధరలో కనీసం ఐదవ వంతు మరమ్మతుల నిధిగా విడిగా డిపాజిట్ చేయగలరో లేదో చూసుకోండి. 14 లక్షల బండికి అది 2 లక్షల 80 వేలు. అంత సొమ్ము పక్కన పెట్టలేని పరిస్థితిలో, మీ పట్టణంలోనే మెకానిక్ దొరికే సాధారణ బండి ఎంచుకోవడం శ్రేయస్కరం. పక్కన పెట్టగలిగితే మెకానిక్ అంచనాను, రిజిస్ట్రేషన్ నకలును, బీమా పత్రాన్ని తీసుకొని బయానాకు ముందే మీ శాఖ మేనేజరును సంప్రదించండి.