పడవ మోటారుకు ఎన్ని డిగ్రీల టైమింగ్?

హైదరాబాద్‌లో 2017 నవంబరులో అమీర్‌పేటకు, మరుసటి ఏడాది సెప్టెంబరులో పంజగుట్టకు మెట్రో వచ్చింది. ఆ రైళ్లను లాగే మూడు ఫేజుల మోటార్లలో అరిగిపోయే కార్బన్ బ్రష్షులు లేవు. స్టేషన్ మెట్లు దిగితే ఫ్యాన్ల షాపులో బీఎల్‌డీసీ (బ్రష్షుల్లేని డీసీ) ఫ్యాన్లు, రోడ్డు మీద ఎలక్ట్రిక్ స్కూటర్లు. ఇంజనీరింగ్ విద్యార్థి ప్రాజెక్టు కోసం కొనే రిమోట్ పడవలోనూ బ్రష్షుల్లేని మోటారే. అయితే వీటన్నిటిలోకీ మోటారును బాగా కష్టపెట్టేది పడవే.

మిక్సీ ఆగిపోతే రిపేరు షాపులో ‘కార్బన్లు అరిగాయి, మార్చాలి’ అంటారు కదా, ఆ కార్బన్ల కథ 1832లో విలియం స్టర్జన్ చేసిన కమ్యుటేటర్‌ దగ్గర మొదలైంది. తిరిగే రాగి ముక్కల మీద బ్రష్షు రాసుకుంటూ సరైన సమయానికి కరెంటు దిశ మారుస్తుంది. లోడు పెరిగితే నిప్పురవ్వలు లేచేవి. వాటిని తగ్గించడానికి పాతకాలపు ఇంజనీర్లు బ్రష్షులను కాస్త పక్కకు జరిపేవారు. టైమింగ్ మార్చడమంటే అదే. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తీగల్లేకుండా నడిపి చూపించిన పడవ కూడా బ్యాటరీతో, విద్యుత్ మోటారుతో కదిలిందే. 1962లో విల్సన్, ట్రికీ అనే ఇద్దరు ఇంజనీర్లు బ్రష్షు పనిని సెమీకండక్టర్లకు అప్పగించే డీసీ యంత్రాన్ని వివరించారు. 1980ల తొలినాళ్లలో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ విడివిడిగా నియోడిమియం అయస్కాంతాలు తయారుచేశారు. అరచేతిలో పట్టే మోటారుకు అంత బలం రావడం వాటి పుణ్యమే.

పడవలోని బ్రష్షుల్లేని మోటారులో అయస్కాంతాలు తిరుగుతాయి, తీగ చుట్టలు కదలవు. ఏ చుట్టకు ఎప్పుడు కరెంటివ్వాలో స్పీడ్ కంట్రోలర్ చూసుకుంటుంది. అయస్కాంతం ఎక్కడుందో తెలుసుకోవడానికి చాలా పడవ మోటార్లలో సెన్సారు ఉండదు. మూడు చుట్టల్లో ఆ క్షణాన ఖాళీగా ఉన్నదానిలో పుట్టే వోల్టేజిని కంట్రోలర్ గమనిస్తుంది. అది బ్యాటరీ వోల్టేజిలో సగాన్ని దాటగానే లెక్క మొదలుపెట్టి, విద్యుత్ చక్రంలో మరో 30 డిగ్రీలు గడిచాక కరెంటును తర్వాతి చుట్టకు మళ్లిస్తుంది.

చిక్కల్లా కరెంటు ఆలస్యంగా రావడంతోనే. స్విచ్ వేసిన క్షణానే చుట్టలో కరెంటు నిండదు, ఇండక్టెన్స్ దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఇద్దరు ఒకే రోట్లో రోకళ్లతో దంచుతున్నారనుకోండి. వేగం పెరిగేకొద్దీ ఎదుటివారి పోటు పడక ముందే మన రోకలి కదలాలి, మరీ తొందరపడితే రెండూ ఢీకొంటాయి. టైమింగ్ అడ్వాన్స్ అంటే ఆ ముందుగా కదలడమే.

అంకెల్లో చూద్దాం. నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) మోటారు నిమిషానికి 30 వేల చుట్లు తిరిగితే, చుట్టుకు రెండు చొప్పున విద్యుత్ చక్రాలు సెకనుకు 1000. ఒక్కో చక్రంలో ఆరు మార్పులు, అంటే ఒక్కో మార్పుకు దక్కేది దాదాపు 167 మైక్రోసెకన్లు. 15 డిగ్రీల అడ్వాన్స్ పెడితే కరెంటు సుమారు 42 మైక్రోసెకన్లు ముందే మారుతుంది.

దీనివల్ల వేగం పెరుగుతుంది, నిజమే. కానీ టైమింగ్ పెంచితే ఊరికే వేగం వస్తుందని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఒప్పుకోను. ఆ వేగానికి కరెంటుతో మూల్యం కట్టాలి, ఆ కరెంటులో పెద్ద భాగం వేడైపోతుంది. గాలిలో తిరిగే ప్రొపెల్లరుకు కాస్త వెసులుబాటు ఉంటుంది. నీళ్లు గాలికి దాదాపు 800 రెట్లు చిక్కన. పడవ అల మీద ఎగిరినప్పుడు లోడు ఒక్కసారిగా పోతుంది, నీటిని తాకగానే అంతా తిరిగొచ్చి పడుతుంది. హైదరాబాద్ చెరువుల్లో దొరికే గుర్రపుడెక్క వేరు ప్రొపెల్లరుకు చుట్టుకుంటే వేగం పడిపోయి కరెంటు ఎగబాకుతుంది. తక్కువ వేగంలో అంత అడ్వాన్స్ అక్కర్లేదు, పెట్టిన అంకె మాత్రం తగ్గదు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది. చల్లారాక కూడా ఆ బలం పూర్తిగా తిరిగి రాదు. పడవ మోటారు చుట్టూ నీటి గొట్టం తిప్పేది ఈ భయంతోనే.

కొన్ని పడవ కంట్రోలర్లలో టైమింగ్ 0 నుంచి 26.25 డిగ్రీల దాకా, 3.75 డిగ్రీల చొప్పున మెట్లుగా ఉంటుంది. రెండు, నాలుగు పోళ్ల ఇన్‌రన్నర్లకు (లోపలి భాగం తిరిగే మోటార్లకు) కింది మెట్లు చాలు. పన్నెండు, పద్నాలుగు పోళ్ల అవుట్‌రన్నర్లకు (బయటి డొప్ప తిరిగేవాటికి) కాస్త పైకి వెళ్లాలి. కింది మెట్టుతో మొదలుపెట్టి పడవను అర నిమిషం నడపండి, ఒడ్డుకు తెచ్చి మోటారు, కంట్రోలర్ వేడి థర్మామీటరుతో చూడండి, వాట్‌మీటరులో కరెంటు రాసుకోండి. ఒక మెట్టు ఎక్కించినప్పుడు కరెంటు పెరిగి వేగం పెరగకపోతే వెంటనే దిగిపోండి. థ్రాటిల్ ఇవ్వగానే మోటారు కీచుమంటూ తడబడితే అది లయ తప్పిందని గుర్తు, అప్పుడు ఒక మెట్టు పైకి జరపడంలో తప్పులేదు. ఇంకా వేగం కావాలంటే టైమింగ్ జోలికి వెళ్లకుండా ప్రొపెల్లరు మార్చి చూడండి.

అమీర్‌పేటలో కోడింగు నేర్చుకుంటున్న పిల్లలకు ఒక్క మాట. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి మోటారు కొనేటప్పుడు దానితోపాటు ఒక వాట్‌మీటరు కూడా తప్పక కొనండి.