గ్లాసు లెక్క, కిలో లెక్క

మన ఇళ్ళలో బియ్యం గ్లాసుతో కొలుస్తారు. కొందరు సోలతో కొలుస్తారు. కొట్లో మాత్రం కిలోల లెక్క. కొలత వేరు, తూకం వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకుంటే నష్టం వస్తుంది.

ఆవకాయ సంగతే చూడండి. ముక్కలు నాలుగు గ్లాసులు. కారం ఒక గ్లాసు, ఆవపిండి ఒక గ్లాసు, ఉప్పు ఒక గ్లాసు. చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే లెక్క ఇది. కొందరు ఉప్పు కాస్త తగ్గిస్తారు. ఏ ఇంటి రుచి ఆ ఇంటిది.

"కారం, ఆవపిండి, ఉప్పు మూడూ సమానం" అని అత్త చెబుతుంది. కోడలు బజారుకు పోతుంది. మూడూ అరకిలో చొప్పున తెస్తుంది. అన్నీ కలిపేస్తుంది. సమానమే కదా! నెల తిరిగేసరికి జాడీలో బూజు. అత్త చెప్పింది తప్పు కాదు. కోడలూ చెప్పినట్టే చేసింది. మరి తేడా ఎక్కడ వచ్చింది?

అత్త చెప్పింది గ్లాసు లెక్క. కోడలు తెచ్చింది కిలో లెక్క. కారం తేలిక. గ్లాసులో పోస్తే పొడి మధ్య గాలి ఎక్కువ ఉంటుంది. ఉప్పు బరువు. 200 మిల్లీలీటర్ల గ్లాసులో కారం సుమారు 100 గ్రాములు పడుతుంది. అదే గ్లాసులో మెత్తటి ఉప్పు సుమారు 240 గ్రాములు పడుతుంది.

అంటే అరకిలో కారం 5 గ్లాసులు. అరకిలో ఉప్పు 2 గ్లాసులే. 5 గ్లాసుల ఉప్పు కావాలంటే 1 కిలో 200 గ్రాములు తేవాలి. ఉప్పు చాలక పచ్చడి చెడింది. ఏడాది పచ్చడి! కాయలు, నూనె, రెక్కల కష్టం అన్నీ పోయాయి.

మీ ఇంటి గ్లాసు ఎంతదో ముందు తెలుసుకోండి. లీటరు సీసా నిండా నీళ్ళు పట్టండి. ఆ నీళ్ళను గ్లాసులోకి పోయండి. 5 సార్లు నిండితే అది 200 మిల్లీలీటర్ల గ్లాసు. 4 సార్లే నిండితే 250.

తర్వాత కిలో బియ్యం తీసుకుని అదే గ్లాసుతో కొలవండి. 200 గ్లాసుతో కిలో బియ్యం సుమారు 6 గ్లాసులు వస్తాయి. పంచదార కూడా దాదాపు అంతే. గోధుమపిండి 8 దాటుతుంది. ఉప్పు 4 గ్లాసులకు కాస్త ఎక్కువ. మీకు వచ్చిన లెక్క డబ్బా మీద రాసి పెట్టుకోండి. పక్కింటి లెక్క మీకు పనికిరాదు, వాళ్ళ గ్లాసు వేరు.

వెనక కూడా ఈ చిక్కు ఉండేది. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. కానీ ఊరు మారితే మానిక మారేది. 1956లో దేశమంతటికీ ఒకే తూకం, ఒకే కొలత ఉండాలని చట్టం చేశారు. 1958 నుంచి కిలోలు రావడం మొదలైంది.

గ్లాసు ఒకటే అయినా చెయ్యి మారితే కొలత మారుతుంది. బియ్యం చేబదులు ఇచ్చేటప్పుడు కొందరు అంచుకు సమంగా తలకొట్టి ఇస్తారు. తిరిగి తీసుకునేటప్పుడు గోపురంలా పోయించుకుంటారు. గ్లాసుకు పిడికెడు ఎక్కువ పోతుంది. పది గ్లాసులకు పది పిడికిళ్ళు! ఎట్లా తీసుకుంటే అట్లానే ఇస్తామని ముందే అనుకోవాలి.

పిండితో ఇంకా జాగ్రత్త. మరలో అప్పుడే ఆడించిన పిండి పొంగి ఉంటుంది. డబ్బాను నాలుగుసార్లు తడితే దిగిపోతుంది. అందుకే కారం, పిండి కొన్నా అమ్మినా గ్లాసుతో వద్దు. కాటా మీద తూకం వేయించండి. కాటా సున్నా చూపించాకే వస్తువు పెట్టనివ్వండి.