అంకెలలో దాగిన వలయాలు : జెస్సికా మింక్

పాఠ్యభాగ పరిచయం

దూరదర్శినితో ఆకాశాన్ని పరిశీలించినవారి పేర్లు చరిత్రలో తేలికగా నిలుస్తాయి. ఆ దూరదర్శిని నమోదు చేసిన అంకెలను చదివి, వాటి అర్థాన్ని తేల్చి, ముందు తరాలకు పదిలపరచినవారి పేర్లు అంతగా వినిపించవు. అమెరికా దేశానికి చెందిన ఖగోళ శాస్త్రజ్ఞురాలు జెస్సికా మింక్ ఈ రెండవ కోవకు చెందినవారు. యురేనస్ గ్రహం చుట్టూ వలయాలున్నాయని లోకానికి తెలిపిన పరిశోధన వ్యాసం వ్రాసిన ముగ్గురిలో ఆమె ఒకరు. తాను ట్రాన్స్‌జెండర్ మహిళనని 2011లో, అరవయ్యవ ఏట, ఆమె బహిరంగంగా ప్రకటించి, అదే వృత్తిలో కొనసాగారు. ఆమె పరిశోధనలను, ఆ జీవితం మన ముందుంచే ఒక ముఖ్యమైన ప్రశ్నను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

విద్యాభ్యాసం

జెస్సికా మింక్ 1951లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం, లింకన్ నగరంలో జన్మించారు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో గ్రహశాస్త్రాన్ని అభ్యసించి 1973లో పట్టాన్ని, 1974లో స్నాతకోత్తర పట్టాన్ని పొందారు. 1976లో కోర్నెల్ విశ్వవిద్యాలయంలో చేరి, ఖగోళ పరిశోధనలకు కావలసిన కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసే బాధ్యతను స్వీకరించారు. నేడు మనం ఎరిగిన సిద్ధమైన సాఫ్ట్‌వేర్లు ఆనాడు లేవు. ఏ పరిశోధక బృందానికి కావలసిన ప్రోగ్రామును ఆ బృందమే వ్రాసుకోవలసి వచ్చేది. పరికరం ఎంత గొప్పదైనా, అది ఇచ్చే దత్తాంశాన్ని సరిగా చదివేవారు లేకుంటే పరిశోధన అక్కడే నిలిచిపోయేది.

ఒక నక్షత్రం, ఒక విమానం

యురేనస్‌ను విలియం హెర్షెల్ 1781 మార్చి 13న కనుగొన్నారు. అది సూర్యునికి సుమారు 287 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. భూమి మీది దూరదర్శినులకు అది చిన్న బిళ్ళవలె మాత్రమే గోచరించేది. 1977 నాటికి సౌరకుటుంబంలో వలయాలున్నట్లు తెలిసిన గ్రహం శని ఒక్కటే.

గ్రహాన్ని నేరుగా చూడడం కష్టమైనప్పుడు శాస్త్రజ్ఞులు ఒక ఉపాయాన్ని ఆశ్రయిస్తారు. కదులుతున్న గ్రహం ఎప్పుడో ఒకప్పుడు దూరాన ఉన్న ఒక నక్షత్రానికి అడ్డుగా వస్తుంది. అప్పుడు ఆ నక్షత్రం వెలుగు తగ్గుతుంది. దీనిని ఆచ్ఛాదనం అంటారు. వెలుగు ఏ క్షణాన తగ్గింది, ఎంతసేపు తగ్గింది, ఒక్కసారిగా తగ్గిందా, క్రమంగా తగ్గిందా అనే వివరాలను బట్టి గ్రహం పరిమాణాన్ని, వాతావరణాన్ని అంచనా కట్టవచ్చు.

1977 మార్చి 10న యురేనస్ ఒక మసక నక్షత్రాన్ని కప్పివేయనున్నదని ముందే లెక్కకట్టారు. ఆ దృశ్యం హిందూ మహాసముద్రపు దక్షిణ భాగం నుంచి చక్కగా కనిపిస్తుంది. సముద్రం మధ్య వేధశాల ఎక్కడిది? అందువల్ల కోర్నెల్ విశ్వవిద్యాలయ బృందం ‘కైపర్ ఆకాశయాన వేధశాల’ను వినియోగించింది. 91 సెంటీమీటర్ల దర్పణం గల దూరదర్శినిని అమర్చిన పెద్ద జెట్ విమానమే ఈ వేధశాల. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం నుంచి బయలుదేరిన ఆ విమానం సుమారు పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఎగిరింది. ఆ బృందానికి నాయకుడు జేమ్స్ ఇలియట్.

లెక్కలలో పొరపాటుకు అవకాశం ఉన్నందువల్ల, నిర్ణీత సమయానికి దాదాపు 40 నిమిషాల ముందే నక్షత్రపు వెలుగును నమోదు చేయడం ఆరంభించారు. గ్రహం ఇంకా నక్షత్రాన్ని చేరనే లేదు. అయినా వెలుగు ఒక్కసారి తటాలున తగ్గి, కొన్ని క్షణాలలో మళ్ళీ యథాస్థితికి వచ్చింది. ఆపై మరి కొన్నిసార్లు అలాగే జరిగింది. మేఘం అడ్డుపడడానికి ఆ ఎత్తున అవకాశం తక్కువ. యురేనస్ చుట్టూ చిన్న ఉపగ్రహాలున్నాయేమో అని బృందం మొదట భావించింది.

సందేహాన్ని తీర్చినది దత్తాంశ విశ్లేషణ. గ్రహం అడ్డురాకముందు వెలుగు ఐదుసార్లు తగ్గింది. గ్రహం దాటిపోయిన తరువాత కూడా ఐదుసార్లు తగ్గింది. గ్రహకేంద్రం నుంచి ఇరువైపులా ఆ దూరాలను లెక్కించి చూస్తే, ఒకవైపు తగ్గుదలలకు రెండవవైపు తగ్గుదలలు జతగా నిలిచాయి. విడివిడి ఉపగ్రహాలు ఇరువైపులా ఇంత సమానమైన దూరాలలో నిలవడం అసంభవం. గ్రహాన్ని చుట్టి ఉన్న సన్నని వలయాలకు మాత్రమే ఇది సాధ్యం. అన్నింటికంటే వెలుపలి వలయం దగ్గర మాత్రం ఈ పోలిక కొంత తప్పింది. ఆ వలయం సంపూర్ణ వృత్తం కాకపోవడమే దానికి కారణమని తరువాత తేలింది.

ఈ బృందంలో దత్తాంశాన్ని సంస్కరించే ప్రోగ్రాములు వ్రాయడం, దానిని విశ్లేషించడం జెస్సికా మింక్ నిర్వహించిన బాధ్యతలు. ఇలియట్, ఎడ్వర్డ్ డన్‌హామ్, మింక్ కలిసి వ్రాసిన వ్యాసం 1977 మే నెలలో ‘నేచర్’ పత్రికలో వెలువడింది. అప్పటికి ఆమె వయస్సు సుమారు ఇరవై ఆరు సంవత్సరాలు. 1986 జనవరిలో ‘వాయేజర్-2’ అంతరిక్ష నౌక యురేనస్ సమీపానికి వెళ్ళి ఆ వలయాల ఛాయాచిత్రాలను పంపింది. నేటికి తెలిసిన యురేనస్ వలయాలు 13. వాటిలో ప్రధానమైనవి చాలావరకు పది కిలోమీటర్ల వెడల్పు కూడా లేనివి, పైగా బొగ్గువలె నల్లనివి. అంత దూరాన ఉన్న అంత సన్నని రేఖలను ఒక నక్షత్రపు వెలుగులో వచ్చిన స్వల్పమైన మార్పు పట్టి ఇచ్చింది.

కావలూరు పరిశీలన

అదే రాత్రి మన దేశంలో కూడా ఈ ఘటనను పరిశీలించారు. తమిళనాడులోని కావలూరు వేధశాలలో జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి 102 సెంటీమీటర్ల దూరదర్శినితో నక్షత్రపు వెలుగు తగ్గడాన్ని నమోదు చేశారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదువుకున్న వేణు బాపు నెలకొల్పిన వేధశాల ఇది. ఇప్పుడు ఆయన పేరుతోనే ప్రసిద్ధమైనది. యురేనస్‌కు కొత్త ఉపగ్రహం ఉన్నదని కావలూరు శాస్త్రజ్ఞులు భావించారు. వారి వ్యాసం కూడా ‘నేచర్’ పత్రిక అదే సంచికలో వెలువడింది. వారు చూసినది నిజమే. కాని గ్రహానికి రెండవవైపు జరిగినదానితో సరిపోల్చుకొనే అవకాశం వారికి లభించలేదు. ఒకవైపు సమాచారం మాత్రమే చేతిలో ఉన్నప్పుడు వలయం కూడా ఉపగ్రహంగానే తోస్తుంది.

రాబోయే క్షణాన్ని ముందే చెప్పడం

1979లో మింక్ తిరిగి మసాచుసెట్స్ సంస్థకు చేరారు. నెప్ట్యూన్ వలయాల అన్వేషణకు తోడ్పడిన కృషి ఆమె అక్కడ చేశారు. ఆచ్ఛాదనాలను పరిశీలించాలంటే అవి ఎప్పుడు, భూమిపై ఎక్కడి నుంచి కనిపిస్తాయో ముందుగా తెలియాలి. ఆర్నాల్డ్ క్లెమోలాతో కలిసి ఆమె 1985లో యురేనస్, నెప్ట్యూన్, ప్లూటోలకు సంబంధించి 1990 వరకు జరుగనున్న ఆచ్ఛాదనాల పట్టికను ప్రచురించారు. అందులో ‘పి-8’ అనే గుర్తు గల నక్షత్రాన్ని 1988 జూన్ 9న ప్లూటో కప్పివేసింది. ఆ సమయంలో వెలుగు ఒక్కసారిగా ఆరిపోక, క్రమక్రమంగా తగ్గింది. ప్లూటోకు పలుచని వాతావరణం ఉన్నదని దానివల్ల రూఢి అయింది.

ఆ తరువాత ఆమె కేంబ్రిడ్జి నగరంలోని స్మిత్సోనియన్ ఖగోళ భౌతిక వేధశాలలో చేరి దశాబ్దాల తరబడి పనిచేశారు. అక్కడ ఆమె చేసిన కృషిలో రెండు సాఫ్ట్‌వేర్లు పేర్కొనదగినవి.

మొదటిది ‘ఆర్‌విఎస్‌ఏఓ’. గెలాక్సీ నుంచి వచ్చే వెలుగును రంగులుగా విడదీస్తే వర్ణపటం ఏర్పడుతుంది. గెలాక్సీ మననుంచి దూరంగా పోతూ ఉంటే, ఆ వర్ణపటంలోని రేఖలు ఎరుపు వైపునకు జరుగుతాయి. వేగం తెలిసిన ఒక మాదిరి వర్ణపటాన్ని దాని పక్కన ఉంచి, గీతలున్న రెండు పలుచని కాగితాలను ఒకదానిపై ఒకటి జరిపినట్లు జరుపుతూ, అవి ఎక్కడ సరిపోతాయో ఈ సాఫ్ట్‌వేర్ కనిపెడుతుంది. ఎంత జరపవలసి వచ్చిందో చూసి వేగాన్ని చెప్పవచ్చు. మైకేల్ కర్ట్జ్, మింక్ ఈ విధానాన్ని వివరిస్తూ 1998లో ప్రచురించిన వ్యాసం ఖగోళ పరిశోధకులకు ఎంతో ఉపకరించింది. ఆరిజోనాలోని 6.5 మీటర్ల దూరదర్శినికి అమర్చిన ‘హెక్టోస్పెక్’ పరికరం ఒకేసారి 300 వర్ణపటాలను నమోదు చేయగలదు. ఆ వెల్లువను క్రమబద్ధం చేసే పనిలోనూ ఆమె కృషి ఉంది.

రెండవది ‘డబ్ల్యుసిఎస్ టూల్స్’. దూరదర్శిని తీసిన చిత్రంలోని ఒక చుక్క ఆకాశంలో సరిగ్గా ఏ స్థానానికి చెందినదో ఇది తెలుపుతుంది. అందుకోసం చిత్రంలోని నక్షత్రాలను ప్రామాణిక నక్షత్ర పట్టికలతో సరిపోలుస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్ చదవగల పట్టికలలో ‘ఏసిటి’ ఒకటి. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో అనేక దేశాల వేధశాలలు ఆకాశాన్ని భాగాలుగా పంచుకొని, గాజు పలకలపై ఛాయాచిత్రాలు తీసి, నక్షత్రాల స్థానాలను కొలిచాయి. ఆ కొలతలు ‘ఏసిటి’ పట్టికకు మూలాధారాలలో ఒకటి. అందులో ఒక భాగాన్ని స్వీకరించినది హైదరాబాదులోని నిజామియా వేధశాల. హైదరాబాదులో నాడు కొలిచిన నక్షత్రాల స్థానాలు ఈ విధంగా మింక్ వ్రాసిన సాఫ్ట్‌వేర్ ద్వారా నేటి పరిశోధకుల చేతికి అందుతున్నాయి.

పేరు, గుర్తింపు

జన్మించినప్పుడు శరీర లక్షణాలను బట్టి సమాజం ఒక శిశువును బాలుడనో, బాలిక అనో నిర్ణయిస్తుంది. కొందరి విషయంలో వారి అంతరంగం ఎరిగిన లింగ గుర్తింపు ఆ నిర్ణయానికి భిన్నంగా ఉంటుంది. పుట్టినప్పుడు బాలుడని నిర్ణయింపబడినా, తాను స్త్రీనని గుర్తెరిగిన వ్యక్తి ట్రాన్స్‌జెండర్ మహిళ. ఇక్కడ విద్యార్థులకు తిక్కన విరాటపర్వంలోని బృహన్నల స్మరణకు రావచ్చు. అర్జునుడు శాపాన్ని సాధనంగా చేసుకొని ఒక సంవత్సరం ధరించిన మారువేషం అది. గడువు తీరగానే వేషం తొలగిపోయింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపు వేషం కాదు. దానిని దాచి జీవించవలసి రావడమే వారికి అజ్ఞాతవాసం.

మింక్ తన గుర్తింపును ప్రకటించేనాటికి ఆమె పరిశోధన జీవితం మూడు దశాబ్దాలు దాటింది. అప్పటి వ్యాసాలన్నింటిపై ఆమె పూర్వనామమే ముద్రితమై ఉంది. శాస్త్రజ్ఞులకు వ్యాసాలే ఆస్తి. ఉద్యోగం, గౌరవం, తరువాతివారి గుర్తింపు అన్నీ ఆ పేరు వెంటనే నడుస్తాయి. పదవ తరగతి ధ్రువపత్రంలో ఒక అక్షరం తప్పుపడితే ఎన్ని చిక్కులు వస్తాయో విద్యార్థులకు తెలిసినదే. వివాహానంతరం ఇంటిపేరు మార్చుకున్న పరిశోధకురాళ్ళు కూడా ఈ ఇబ్బందిని ఎదుర్కొంటారు. ట్రాన్స్‌జెండర్ శాస్త్రజ్ఞులకు ఇది మరింత కఠినమైనది. పాత పేరును విడిచిపెడితే జీవితకాలపు కృషి ఎవరిదో తెలియకుండా పోతుంది. దానిని పట్టుకొని ఉంటే, ప్రతి సందర్భంలోనూ తన గతాన్ని అపరిచితులకు వివరించవలసి వస్తుంది.

ఈ సమస్యకు పరిష్కారాలు నెమ్మదిగా వచ్చాయి. ఒకే వ్యక్తి భిన్న నామాలతో వ్రాసిన వ్యాసాలను కలిపి చూపే ఏర్పాట్లు ఖగోళ గ్రంథసూచికలలో ఉన్నాయి. 2020 నుంచి అనేక ప్రచురణ సంస్థలు, పాత వ్యాసాలలో సైతం రచయిత పేరును సవరించే అవకాశం కల్పించాయి. మన దేశంలో సర్వోన్నత న్యాయస్థానం 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన తీర్పు, తన లింగ గుర్తింపును తానే నిర్ణయించుకొనే హక్కు వ్యక్తి గౌరవంలో భాగమని పేర్కొన్నది.

భాషలో ఒక పరీక్ష

ఇటువంటి జీవితచరిత్రను తెలుగులో వ్రాసేవారికి మొదటి వాక్యంలోనే ఒక పరీక్ష ఎదురవుతుంది. తెలుగు క్రియ కర్త లింగాన్ని తెలుపుతుంది. ఏకవచనంలో ‘వచ్చాడు’ అని మహత్తునకు, ‘వచ్చింది’ అని స్త్రీకి ప్రయోగిస్తాం. సర్వనామంలో ‘ఆయన’, ‘ఆమె’ అనే భేదం ఉంది. మరి 1977 నాటి సంగతి చెప్పేటప్పుడు ఏది వాడాలి? వ్యక్తి ఒకరే కనుక, ఆ వ్యక్తి తెలిపిన గుర్తింపునే జీవితమంతటికీ వర్తింపజేయడం మర్యాద. అందుకే ఈ పాఠంలో మొదటి నుంచి ‘ఆమె’ అనే వ్రాయడం జరిగింది. ‘వచ్చారు’, ‘వ్రాశారు’ అనే గౌరవ బహువచనానికి మాత్రం స్త్రీపురుష భేదం లేదు. మనిషిని గౌరవించదలచినప్పుడు మన భాష లింగాన్ని అడగదు.

ముగింపు

కావలూరులో చూసిన వెలుగు తగ్గుదల, విమానంలో నమోదైన వెలుగు తగ్గుదల ఒకే సత్యానికి చెందినవి. రెండువైపుల సమాచారాన్ని కలిపి చదివిననాడే వలయం బయటపడింది. మనిషి జీవితాన్ని కూడా ముక్కలుగా చూస్తే అసలు రూపం తెలియదు. యువతగా యురేనస్ దత్తాంశాన్ని విశ్లేషించినవారు, అరవై ఏళ్ళ వయస్సులో తన పేరును తాను ప్రకటించుకున్నవారు ఒక్కరే. ఆ రెంటినీ ఒకే పేరు కింద పదిలంగా నిలుపుకోవడం విజ్ఞానశాస్త్రం తన శాస్త్రజ్ఞులకు తీర్చవలసిన ఋణం.

అర్థాలు

ఆచ్ఛాదనం = కప్పివేయడం; దత్తాంశం = పరిశీలనలో లభించిన సమాచారం; వేధశాల = గ్రహనక్షత్రాలను పరిశీలించే స్థలం; రూఢి = నిశ్చయం; పరిపాకం లేని నిర్ణయం = తొందరపాటు నిర్ణయం.

ప్రశ్నలు

1. యురేనస్ చుట్టూ ఉన్నవి ఉపగ్రహాలు కావు, వలయాలు అని ఎలా నిర్ధారించారు?
2. కావలూరు శాస్త్రజ్ఞుల పరిశీలన విశిష్టతను, పరిమితిని వివరించండి.
3. పరిశోధకుల జీవితంలో పేరుకు గల ప్రాముఖ్యాన్ని చర్చించండి.
4. తెలుగు క్రియారూపాలలో లింగభేదం ఎక్కడ కనిపిస్తుంది? ఎక్కడ కనిపించదు? ఉదాహరణలతో తెలపండి.