మచ్చలు పోయిన చేపను కొనొచ్చా?

అక్వేరియం షాపులో ఓ గోల్డ్‌ఫిష్ నచ్చింది. ‘మొన్నే తెల్లమచ్చలకు మందు వేశాం, తగ్గిపోయింది’ అన్నాడు షాపతను. వెంటనే కొనొచ్చా? కొన్నాళ్లు ఆగడమే మంచిది.

ఎందుకు?

ఒంటిమీద ఉప్పురవ్వల్లా కనిపించే ఆ మచ్చలకు కారణం ‘ఇక్’ అనే పరాన్నజీవి. అది చేప చర్మంలో దూరి పెరుగుతుంది. పెరిగాక రాలిపడి, అడుగునున్న గులకరాళ్లకు అంటుకుని, చుట్టూ పొర కట్టుకుంటుంది. ఆ పొరలోనే వందల పిల్లలుగా విడిపోతుంది. చర్మంలో, పొరలో ఉన్నంతసేపు దానికి మందు తగలదు. పిల్లలు బయటికొచ్చి నీళ్లలో ఈదేటప్పుడే చస్తాయి. అందుకే మచ్చలు పోయినంత మాత్రాన రోగం పోయినట్టు కాదు. 25 డిగ్రీల నీటిలో ఈ చక్రం సుమారు వారంలో పూర్తవుతుంది. నీళ్లు చల్లబడితే వారాలు పడుతుంది.

ఎలా చూడాలి?

మందు ఆపి ఎన్నాళ్లయిందో అడగండి. రెండు మూడు వారాలు దాటితే నయం. మేత వేయించి, చురుగ్గా తింటోందో లేదో చూడండి. రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నా, రెక్కలు ముడుచుకున్నా, మొప్పలు గబగబా ఆడుతున్నా వద్దనండి. అదే తొట్టిలోని మిగతా చేపలనూ గమనించండి.

కొన్నాక మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచండి. దానికి వల కూడా వేరేది వాడండి. షాపు నీళ్లను మాత్రం మీ అక్వేరియంలో పోయకండి.