ఆరో అంతస్తు కుక్కకు పాత తువ్వాలే పెద్ద కానుక

నిజాంపేట: ఊళ్లో కుక్కకు ఎవరూ పని చెప్పరు. అయినా దాని పని దానికి ఉంటుంది. తెల్లవారగానే యజమాని వెంట పొలం దాకా వెళ్లి రావాలి. గొర్రెల మంద కదిలితే తానూ కదలాలి. కొత్త మనిషి వాకిట్లో అడుగుపెడితే అరవాలి. ఎండెక్కాక చెట్టు కింద మట్టి గీరి, గుంట చేసుకుని పడుకోవాలి. కుక్క పని గాడిద చేస్తే ఏమవుతుందో చెప్పే సామెత పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అసలు కుక్కకు పనే లేకుండా పోతే ఏమవుతుందో తెలియాలంటే మాత్రం నిజాంపేట అపార్ట్‌మెంట్లలోకి తొంగిచూడాలి.

ఒకప్పుడు ఇది కూడా పల్లెటూరే. హైటెక్ సిటీ కంపెనీలు వచ్చాక పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్ల మీద మేడలు లేచాయి. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిసి మున్సిపల్ కార్పొరేషన్ అయింది. జిల్లాలోని పల్లెల నుంచి చదువుకుని వెళ్లిన పిల్లలు ఎందరో ఇక్కడే కాపురాలు పెట్టారు. వారిలో కొందరి ఇళ్లలో లాబ్రడారో, పమేరియనో, బీగిలో ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే ఉదయం తాళం పడిన ఇల్లు చీకటిపడ్డాకే తెరుచుకుంటుంది. అంతసేపూ నాలుగు గోడల మధ్య ఆ కుక్క ఒక్కటే.

అది ఊరికే కూర్చోదు. తలుపు గీరుతుంది. సోఫా చింపుతుంది. లిఫ్టు చప్పుడు వినిపించినప్పుడల్లా అరుస్తుంది. పక్కింటివాళ్లు సణుగుతారు, అసోసియేషన్ మీటింగులో మాట వస్తుంది. ‘ఇది మంచి కుక్క కాదు’ అన్న పేరు పడుతుంది. ఓపిక నశించినవారు కొందరు దాన్ని కారులో ఎక్కించుకుని పోయి ఊరి పొలిమేరల్లో వదిలేస్తుంటారు. వేటాడటం రాక, వీధికుక్కలతో కలవలేక, ఆకలితో తిరిగే ఆ కుక్క బాధ్యత ఆ తర్వాత ఏ సంబంధమూ లేని ఊరివాళ్ల మీద పడుతుంది.

ఇది నేరం కూడా. జంతువులను హింసించడాన్ని నివారించేందుకు 1960లో చేసిన చట్టం, పెంచిన జంతువును సరైన కారణం లేకుండా వదిలేయడాన్ని తప్పుగా చెప్పింది. ఎప్పుడూ కట్టేసి గాని, మూసిన చోట ఉంచి గాని పెంచే కుక్కకు తగినంత వ్యాయామం కల్పించకపోవడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది. ఆ చట్టంలో మొదటి తప్పుకు రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. నేటి కాలంలో దానికి భయపడేవారెవరు!

ముక్కుకు పని పెట్టాలి

పండక్కో, పుట్టినరోజుకో కొడుకు ఇంటికి, కూతురు ఇంటికి వచ్చే పెద్దలు సకినాలూ అరిసెలూ మూట కట్టుకొస్తారు. కుక్కను ప్రాణంగా చూసుకునే ఇంటికి వెళుతూ దానికీ ఏదైనా తీసుకెళ్లాలనుకుంటే నగరంలో దుకాణాలకు కొదవలేదు. కుక్కలకు చొక్కాలు, టోపీలు, కళ్లజోళ్లు కూడా అమ్ముతున్నారు. మన ఎండల్లో కుక్కకు చొక్కా తొడగడం దాన్ని ఉడకబెట్టడమే. అది ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే జీవి కాదు. నాలుక చాపి రొప్పితేనే దాని ఒంటి వేడి తగ్గుతుంది.

దానికి కావలసింది పని. అందులోనూ ముక్కుకు పని. మనిషి లోకాన్ని కళ్లతో చూస్తే కుక్క వాసనతో చూస్తుంది. షార్లెట్ డురాంటన్, అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు 2019లో ప్రకటించిన ఫలితం ఈ సంగతిలో ఆసక్తికరమైనది. వారు పెంపుడు కుక్కలను రెండు జట్లు చేశారు. రెండు వారాల పాటు ఒక జట్టు దాచిన తిండిని వాసన పట్టి వెతికింది. రెండో జట్టు యజమాని మడమల వెంట బుద్ధిగా నడవడం నేర్చింది. తరువాత తిండి ఉందో లేదో తెలియని గిన్నెను ఎదురుగా పెట్టి చూశారు. వాసన పట్టిన కుక్కలు మునుపటికంటే త్వరగా, ఆశగా గిన్నె దగ్గరకు వెళ్లాయి. నడక నేర్చిన వాటిలో ఆ మార్పు లేదు.

ఈ పనికి ఖరీదైన వస్తువులేవీ అక్కర్లేదు. ఇంట్లో మూలపడిన పాత తువ్వాల చాలు. దాన్ని నేల మీద పరిచి, చపాతీ ముక్కలో, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం తునకలో, కుక్క రోజూ తినే గింజలో అక్కడక్కడా చల్లి చాపలా చుట్టేయాలి. కుక్క మూతితో దొర్లించి, కాలితో తొక్కిపట్టి, విప్పుకుని తింటుంది. గిన్నెలో పోస్తే నిమిషంలో అయిపోయే తిండికి పావుగంట పడుతుంది. ఆపైన హాయిగా నిద్రపోతుంది. మొదట్లో వదులుగా చుట్టాలి. అలవాటయ్యాక ముడి వేయవచ్చు. మొదటిరోజే బిగించి ఇస్తే విసుగెత్తి వదిలేస్తుంది, లేదా తువ్వాలనే చింపి తింటుంది.

అట్టపెట్టెలో నలిపిన కాగితపు ఉండలు నింపి, మధ్యలో తిండి దాచడం ఇంకో పద్ధతి. పెట్టెకున్న పిన్నులు, టేపు ముందే తీసేయాలి. పాత నూలు చీరను జడలా అల్లి రెండు కొసలా ముడివేస్తే లాగులాటకు తాడు అవుతుంది. గోనెసంచిని నాలుగు మడతలు వేసి బాల్కనీలో పరిస్తే కుక్క దాన్ని కాళ్లతో గీరుతూ మట్టి తవ్విన ముచ్చట తీర్చుకుంటుంది. మన తెలుగు నేల జాతి జోనంగి కుక్కలకు గుంట తవ్వి అందులో పడుకోవడం పేరుమోసిన అలవాటు. ఏ జాతికైనా ఆ బుద్ధి ఎంతో కొంత ఉంటుంది. తువ్వాలైనా, తాడైనా, సంచైనా పక్కన మనిషి ఉన్నప్పుడే ఇవ్వాలి. పోగులు, నారలు ఊడివస్తే తీసేయాలి. అవి కడుపులో చుట్టుకుంటే ఆపరేషన్ దాకా పోతుంది.

ఎండాకాలం మధ్యాహ్నాలు, ముసురు రోజులు ఇంట్లోనే దాగుడుమూతలు ఆడించవచ్చు. కుక్కను ఒక గదిలో ఉంచి మరో గదిలో తలుపు వెనుక, కుర్చీ కింద తిండి ముక్కలు దాచి వదలాలి. కొడుకూ కోడలూ ఆఫీసుకు పోయాక ఆ ఇంట్లో పొద్దుపోనిది కుక్కకే కాదు, ఊరి నుంచి వచ్చిన తాతకూ అవ్వకూ కూడా. ఈ ఆట ఇద్దరికీ పనికొస్తుంది. దాచే తిండి రోజువారీ తిండిలోంచే తీయాలి. అదనంగా పెడితే కుక్క గుమ్మడికాయ అవుతుంది.

కొని ఇవ్వాలనుకునేవారికి లోపల తిండి కూరడానికి వీలున్న గట్టి రబ్బరు బొమ్మ మంచిది. దీని పుట్టుక కథ సరదాగా ఉంటుంది. 1970 దశకంలో అమెరికాలోని కొలరాడోలో జో మార్ఖామ్ అనే ఆయన కుక్క ఫ్రిట్జ్ రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకునేది. ఆయన పాత వ్యాను మరమ్మతు చేస్తుంటే విప్పి పడేసిన రబ్బరు ముక్క ఒకటి దానికి చిక్కింది. అంతే, రాళ్లు మానేసింది. ఆ ముక్కను చూసి చేసిన ‘కాంగ్’ బొమ్మ ఇప్పుడు దేశదేశాల్లో అమ్ముడవుతోంది. అయితే పాత టైరు ముక్క ఇచ్చి సరిపెట్టకూడదు, లోపల తీగలుంటాయి. బంతి కొంటే కుక్క నోట్లో పూర్తిగా పట్టనంత పెద్దది కొనాలి. చిన్నది గొంతులో అడ్డం పడుతుంది. యజమాని ఫోన్ నంబరు చెక్కిన మెడబిళ్ళ కూడా చవకైన కానుకే. తప్పిపోయిన కుక్క ఇల్లు చేరడానికి అదే దారి.

మూటలోవి పెట్టొద్దు

ప్రేమతో తెచ్చిన పిండివంటలు కుక్కకు ముద్ద పెట్టకుండా ఉండటం పెద్దలకు కష్టమే. కానీ లడ్డూలో ఉండే కిస్మిస్, అంటే ఎండుద్రాక్ష, కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పచ్చి ద్రాక్షా అంతే. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను పగలగొడతాయి, కాబట్టి ఉల్లిపాయ వేసిన గారెలు, కూర కలిపిన అన్నం పనికిరావు. పిల్లలు ముద్దుగా పెట్టే చాక్లెట్ విషమే. ఉడికిన కోడి ఎముక నిలువునా చీలి సూదిలా గుచ్చుకుంటుంది. ఊరి కుక్కలు ఇవన్నీ తిని బతకడం లేదా అని అడగవచ్చు. తిని చచ్చినవాటిని ఎవరు లెక్కపెట్టారు?

కుక్కపిల్లనే కానుకగా ఇవ్వాలన్న ముచ్చట కొందరిది. ఇంట్లోవాళ్లను అడగకుండా ఆ పని చేయకూడదు. పది పన్నెండేళ్ల చాకిరీని బుట్టలో పెట్టి చేతికివ్వడమే అది. అందరూ ఒప్పుకుని పెంచుకుంటామంటే మంచుదేశపు హస్కీ కంటే మన నేల కుక్క ఈ ఎండకు ఎంతో మేలు. 1992లో ప్రారంభమైన హైదరాబాద్ బ్లూక్రాస్ వంటి సంస్థలు దిక్కులేని కుక్కలను చేరదీసి పెంపకానికి ఇస్తున్నాయి.

ఇంట్లో ఎన్ని ఆటలు ఆడించినా బయటి నడక మానకూడదు. ఎండ ఎక్కకముందు, పొద్దు వాలాక తిప్పాలి. మే నెల సిమెంటు రోడ్డు దాని పాదాలను కాలుస్తుంది. గొలుసు లేకుండా పరుగెత్తాలంటే, కుక్కల కోసమే 2018లో కొండాపూర్‌లో ఎకరానికి పైగా స్థలంలో మహానగర పాలక సంస్థ పార్కు తెరిచింది.

చివరిది టీకా. గడప దాటని కుక్కకు రేబిస్ ఎందుకు వస్తుందన్న ధీమా తగదు. మెట్ల దగ్గర ఒక్క కాటు చాలు. జబ్బు లక్షణాలు బయటపడ్డాక కుక్కా మనిషీ బతికి బట్టకట్టడం దాదాపు లేదు. కుక్క కరిస్తే పసుపూ సున్నమూ పూయకుండా, ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో తొలి టీకా, తరువాత ఏటేటా వేయించాలి. ఈ మందు కోసం మనం దూరదేశాల వైపు చూడనక్కర్లేదు. 1982లో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి నెలకొల్పిన, గచ్చిబౌలి కేంద్రంగా ఉన్న ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ మనుషులకూ కుక్కలకూ రేబిస్ టీకాలు తయారుచేస్తోంది. 1885 జులై 6న లూయీ పాశ్చర్ కుక్క కరిచిన బాలుడికి తొలిసారి టీకా వేయించాడు. ఆ గుర్తుగా ఏటా జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేయడం తెలుగునాట ఆనవాయితీ. కొడుకు ఇంట్లో గోడమీది కేలండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి రావచ్చు.