ఢీకొంటే తప్పెవరిది?

బేస్‌బాల్ మన ఊళ్ళలో ఆడరు. కానీ దానికి చెల్లెలు వంటి సాఫ్ట్‌బాల్ మన స్కూల్ గేమ్స్‌లోకి వచ్చింది. మేము ఎం.పి.ఎడ్.లో ఈ ఆటల నియమాలు చదివేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా వాదించుకున్నది ఒక్క విషయం మీదే. రన్నర్, ఫీల్డర్ గుద్దుకుంటే అంపైర్ ఎవరిని తప్పు పట్టాలి?

ముందు ఆ దారి ఎవరిదో చూడాలి. బ్యాటర్ కొట్టిన బంతిని ఫీల్డర్ అందుకుంటుంటే దారి ఫీల్డర్‌ది. రన్నరే చుట్టి పోవాలి. తెలియక తగిలినా రన్నర్ అవుట్. దీన్ని ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. విసిరిన బంతి విషయంలో మాత్రం రన్నర్ కావాలని అడ్డుపడితేనే తప్పు. ఇక ఫీల్డర్ చేతిలో బంతి లేదు, బంతిని అందుకునే పనిలోనూ లేడు అనుకోండి. అప్పుడు దారి రన్నర్‌ది. అడ్డొస్తే అబ్‌స్ట్రక్షన్. ఇక్కడ ఫీల్డర్ ఉద్దేశం అడగరు.

2013 అక్టోబర్ 26న సెయింట్ లూయిస్‌లో వరల్డ్ సిరీస్ మూడవ మ్యాచ్. కార్డినల్స్, బోస్టన్ రెడ్ సాక్స్ 4-4తో సమానం. తొమ్మిదవ ఇన్నింగ్స్. మూడవ బేస్‌కు విసిరిన బంతి పక్కకు పోయింది. ఫీల్డర్ మిడిల్‌బ్రూక్స్ దూకాడు, అందలేదు, బోర్లా పడ్డాడు. లేచి హోం వైపు పరుగెత్తబోయిన ఆలెన్ క్రెయిగ్ అతని కాళ్ళు తగిలి తూలిపడ్డాడు. హోం దగ్గర బంతి ముందే వచ్చింది, ట్యాగ్ కూడా చేశారు. అయినా సేఫ్! మూడవ బేస్ అంపైర్ జిమ్ జాయిస్ అప్పటికే అబ్‌స్ట్రక్షన్ అని చూపించాడు. కార్డినల్స్ 5-4తో గెలిచారు. బోస్టన్ వాళ్ళు లబోదిబోమన్నారు, పడినవాడు మాయమైపోవాలా అని. మాకు మాత్రం జాయిస్ చేసిందే సరి అనిపించింది. కింద పడినవాణ్ణి చూస్తే అందరికీ జాలే. రన్నర్ పోగొట్టుకున్న ఆ క్షణం ఎవరి కంటా పడదు, అంపైర్ కంట పడాలి. (సిరీస్ చివరికి బోస్టన్‌కే దక్కింది లెండి.)

హోం దగ్గర క్యాచర్‌ను గుద్దిపడేయడం చాలాకాలం మగతనంగా చలామణి అయ్యింది. 2011లో అలాంటి ఢీలో బస్టర్ పోసీ కాలు విరిగింది. 2014లో నియమం వచ్చింది. రన్నర్ దారి తప్పి క్యాచర్ మీదికి పోరాదు, బంతి లేని క్యాచర్ దారి మూయరాదు. 2015లో రెండవ బేస్ దగ్గర చేజ్ అట్లీ స్లైడ్‌కు రూబెన్ తెహాడా కాలు విరిగాక, 2016లో స్లైడ్‌కూ హద్దు పెట్టారు. ఎముక విరిగితే గాని నియమం పుట్టకపోవడం మాకు నచ్చలేదు.

మన సాఫ్ట్‌బాల్‌కు అంపైరింగ్ చేసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. బంతి వెంటే చూపు పోనివ్వకండి. బంతి ఎక్కడుందో తెలుసుకుని, వెంటనే రన్నర్ ముందున్న కాళ్ళను చూడండి.